మార్కుల కాగితం మీద బంతి

ఉద్యోగం చేసిన ఇరవై ఎనిమిదేళ్ళలో నా మీద ఎంక్వైరీ ఒక్కసారే జరిగింది. అదీ ఒక బంతి గురించి. తోలు బంతి కాదు, రబ్బరు బంతి కాదు. అంకెల్లో తప్ప ఇంకెక్కడా లేని బంతి.

ఇది చదివే పిల్లలు చాలామంది కంప్యూటర్ల మీదనే బతుకుతున్నారు కాబట్టి ముందే చెప్పేస్తాను. మా కాలంలో ఎంత కష్టపడినామో చూడండని మిమ్మల్ని సిగ్గుపడేట్టు చేయడం నా ఉద్దేశం కాదు. అట్లా చెప్పే రిటైరైనవాళ్ళను నేనెప్పుడూ నమ్మలేదు. మీరూ నమ్మొద్దు. నేను ఒక మనిషి మీద కాగితం రాసి ఇచ్చినాను. అది తప్పుడు కాగితం. ఆ సంగతి చెప్పాలంటే బంతి సంగతి చెప్పక తప్పదు.

ఎనభైల నడిమి సంవత్సరాలు. అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. మూడేళ్ళుగా వాన లేదు. మునిసిపాలిటీ కొళాయికి నాలుగు రోజులకోసారి నీళ్ళు. ఆ ఊళ్ళో, ఆ కాలేజీలో, కంప్యూటర్ గదికి మాత్రం రెండు ఏసీలు. మనుషులకు లేని చల్లదనం యంత్రానికి ఉండింది. అందుకే ఆ గదిలోకి పోయి వచ్చేవాళ్ళంటే కాలేజీలో అందరికీ అనుమానం. లోపల ఏం చేస్తారో ఎవరికీ తెలియదు, చల్లగా మాత్రం ఉంటారు, అది చాలదా? స్టాఫ్ రూములో నేను కూర్చుంటే ఒక లెక్చరరమ్మ నా చెయ్యి ముట్టుకొని చూసేది. "ఇంకా చల్లగానే ఉండావే, పొద్దున్నుంచీ ఆడనే పడుకొన్నావా ఏమి?" అని.

నేను గణితంలో ఎమ్మెస్సీ చేసి, తాత్కాలిక ప్రోగ్రామరుగా చేరినాను. రెండేళ్ళ ప్రొబేషన్. నా పని పరీక్షల మార్కులు. మార్కులు అట్టకార్డుల మీద రంధ్రాలుగా కొట్టించడం, ఆ కార్డులు యంత్రానికి తినిపించడం, వచ్చిన లిస్టులు పరీక్షల విభాగానికి అప్పజెప్పడం. యంత్రాన్ని నడిపించే ఆపరేటరు వేరే ఉండేవాడు. నలభై ఏడేళ్ళ మనిషి. కదిరి పక్క తనకల్లు వాళ్ళది. చదువు ఎస్సెల్సీ, కానీ ఆ యంత్రం దగ్గు విని ఏ భాగానికి జబ్బు చేసిందో చెప్పేవాడు. మాట తక్కువ. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన నన్ను తల్లీ అనేవాడు. మాట తక్కువ మనుషులంటే నాకు మొదటినుంచీ గురి లేదు. లోపల ఏం దాచుకున్నారో అనిపిస్తుంది. నా మాదిరి నోరున్నవాళ్ళ దగ్గర ఆ భయం లేదు, దాచుకోవడానికి ఏమీ మిగలదు.

ఇంకొకాయన, పరీక్షల విభాగం సూపరింటెండెంటు. సాయంత్రం బీరువాకు తాళం వేసి మూడుసార్లు గుంజి చూస్తాడు. నాలుగడుగులు వేస్తాడు. వెనక్కి వచ్చి మళ్ళీ గుంజుతాడు. ఒకరోజు ఉండబట్టలేక, "సార్, బీరువా ఊడొస్తాది" అన్నాను. ఆ మాట ఆయన మర్చిపోలేదు.

బంతి ఎట్లా వచ్చిందంటే, బెంగళూరులో పరిశోధన చేస్తున్న నా క్లాస్‌మేటు ఒక విదేశీ వ్యాసం జిరాక్స్ తీయించి పోస్టులో పంపింది. ఎనిమిది పేజీలు. మూడో పేజీ లేదు. మరిచిపోయిందా, కావాలనే తీసేసిందా అని వారం రోజులు ఆలోచించినాను. వ్యాసంలో ఉన్నది చెప్తాను. లోకంలో వెలుతురు దీపంనుంచి బయలుదేరి వస్తువుల మీద పడి మన కంటికి వస్తుంది గదా. లెక్క చేసేటప్పుడు దాన్ని తిరగేయాలి. కంటినుంచి బయటికి ఒక గీత పంపాలి. కంటి ముందు గళ్ళ కిటికీ ఒకటి ఉందనుకోండి, ఒక్కో గడిలోంచి ఒక్కో గీత. ఆ గీత బంతికి తగిలిందా? తగిలితే, తగిలిన చోటునుంచి దీపం వైపు ఇంకో గీత పంపాలి. దారిలో ఏదైనా అడ్డం వచ్చిందా? వస్తే ఆ చోటు నీడ. రాకపోతే వెలుతురు. అంతే. బంతికి గీత తగిలిందో లేదో చెప్పేది మీరు పదో తరగతిలో తిట్టుకుంటూ చేసిన వర్గ సమీకరణమే. ప్రతి చోటునూ పట్టుకొని, నీకూ దీపానికీ మధ్య ఎవరున్నారు అని నిలదీసే లెక్క అది. నా స్వభావానికి బాగా కుదిరింది.

మార్కుల పని లేని రోజుల్లో నేర్చుకోవడానికి యంత్రం వాడుకుంటానని ప్రిన్సిపాల్‌ను అడిగినాను. ఆయన ఫైలులోంచి తలెత్తకుండా "కానీ" అన్నాడు. ఆ "కానీ"ని కాగితం మీద రాయించుకోలేదు. పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి.

మాకు బొమ్మ చూపించే తెర లేదు. అంకెలు, అక్షరాలు కొట్టే ప్రింటరు ఒకటే ఉండింది. అందుకని ఒక్కో గడికి వెలుతురు ఎంతో ఒక అంకె వేయించాలనుకున్నాను. సున్న అంటే కటిక చీకటి, తొంభై తొమ్మిది అంటే నిండు వెలుతురు. కానీ వేయించడానికి కాగితం ఏదీ? పరీక్షలకు తప్ప ఒక్క షీటు ఇయ్యరు. అప్పుడు ఆపరేటరన్న స్టోరు గదిలోంచి ఒక అట్టపెట్టె ఈడ్చుకొచ్చినాడు. పాత మార్కుల లిస్టు కాగితాలు. సిలబస్ మారి పేపర్ల సంఖ్య మారినాక పనికిరాకుండా పోయినవి. పైన కాలేజీ పేరు, కింద పన్నెండు గళ్ళ వరసలు.

"ఎట్లైనా చెదలకే పోతాయి. నువ్వన్నా వాడుకో తల్లీ" అన్నాడు.

నేను థాంక్స్ చెప్పలేదు. ఈయనకు నా మీద ఇంత ప్రేమ ఎందుకబ్బా అనుకున్నాను.

మొదటిసారి వేస్తే అంకెలు అచ్చుగీతల మీద పడి చదవరాలేదు. నేను తెలివైనదాన్ని గదా, అంకెలు సరిగ్గా గళ్ళ మధ్యలో పడేట్టు సర్దినాను. షీటుకు అడ్డంగా పన్నెండు గళ్ళు, మూడు షీట్లు పక్కపక్కన అంటిస్తే ముప్పై ఆరు. కింది వరకు నలభై వరసలు. ఎంత ముచ్చటగా వచ్చిందో! చూడండి మరి: కాలేజీ పేరున్న మార్కుల కాగితం మీద, పేపర్ ఒకటి, పేపర్ రెండు అన్న గళ్ళలో, సున్న నుంచి తొంభై తొమ్మిది దాకా అంకెలు. నా కంటికి అది బంతి. ఇంకెవరి కంటికైనా ఏమిటి? ఆ ప్రశ్న నాకు తోచనే లేదు. పదిసార్లు వేసినాను, పదిసార్లు మార్చినాను, ఎన్ని సెట్లు వేసినానో లెక్క పెట్టుకోలేదు.

ఒకటి మాత్రం గమనించినాను. ఎనభైలు, తొంభైలు ఉండాల్సిన చోట మధ్యమధ్య ఒంటరిగా ఎనిమిదులు. నీడ పడిన చోటుకు నేను పెట్టిన అంకె అది. నిండు వెలుతురులో నీడేమిటి? కరెంటు ఓల్టేజీ మీద అనుమానపడినాను. యంత్రం జ్ఞాపకశక్తి మీద అనుమానపడినాను. నేను గదిలో లేనప్పుడు నా కార్డులు ఎవరైనా కెలుకుతున్నారేమో అని కార్డుల కట్ట అంచున పెన్సిల్‌తో అడ్డగీత గీసి పెట్టినాను. గీత చెదరలేదు. అయినా అనుమానం పోలేదు.

అంకెలను బొమ్మగా చూడాలంటే ఎవరైనా ఒక్కో గడికీ రంగు పూయాలి. దానికి మా చిన్నాయనే సరి. ధర్మవరంలో పట్టుచీరల అంచులకూ కొంగులకూ డిజైన్లు గీస్తాడు. గళ్ళ కాగితం మీద ఒక్కో పోగుకు ఒక్కో గడి నింపడమే ఆయన బతుకు. ఒక ఆదివారం బత్తలపల్లె మీదుగా బస్సులో పోయి మూడు షీట్లు ఆయన చేతిలో పెట్టినాను.

"ఏం డిజైన్ పాపా ఇది?"

"బంతి చిన్నాయనా. పక్కన దీపం ఉండాది. కింద నేల మీద బంతి నీడ పడతాది. తొంభై ఉన్న గడి తెల్లగా ఇడువు, అంకె తగ్గేకొద్దీ పెన్సిల్ ముదురు చెయ్యి."

"నీడ గూడా ఏయల్లా? చీరమీద నీడ నేస్తే మరక పడిందని ఎనక్కి తెచ్చిస్తారే!"

"చీరకు కాదు చిన్నాయనా, నాకే."

"నీకా? సరే. పెండ్లిండ్ల చీరలు అయిపోనీ. తీరిగ్గా ఏస్తా." మూడు షీట్లనూ నూలుకు పెట్టే గంజితో పక్కపక్కన అంటించి, మగ్గం పక్క గోడకు మేకు కొట్టి తగిలించినాడు.

రెండు వారాలకు నాకు మెమో వచ్చింది. కాలేజీ మార్కుల లిస్టులని అనుమానించదగిన కాగితాలు బయటి వ్యక్తుల చేతుల్లో దొరికినందున, వాటిని మీరు వేయించినట్టు తెలిసినందున, మూడు రోజుల్లో సంజాయిషీ ఇయ్యాలి. పరీక్షలు అయిపోయి, దిద్దిన మార్కులు ఇంకా సీలు వేసిన కవర్లలో ఉన్న రోజులవి. లిస్టు బయట పడిందంటే రెండే అర్థాలు: మార్కులు అమ్మినారు, లేదా మార్చడానికి జాబితా తయారు చేసినారు. ఏదైనా నా ఉద్యోగం పోవడం ఖాయం. ఆ తర్వాత పోలీసులు. ధర్మవరంలో మా నాయన తల ఎత్తుకొని తిరగలేడు. మగ్గం నేసి చదివించినాడు ఆయన.

నాకు మొదట వచ్చిన ఆలోచన ఎట్లా తప్పించుకోవాలని కాదు. ఎవడు ఇచ్చినాడు అని. ధర్మవరం షీట్లు గోడకు భద్రంగా ఉన్నాయి. కాబట్టి పోయినవి కంప్యూటర్ గదిలోవే. ఆ గది తాళంచెవులు ఇద్దరి దగ్గర. ఒకటి నాది. అంతకు రెండు రోజుల ముందు మధ్యాహ్నం ఆపరేటరన్న సూపరింటెండెంటు గదిలోంచి బయటికి రావడం నా కళ్ళారా చూసినాను. పెట్టె కాగితాలు ఇచ్చిందెవరు? ఆయనే. ఎందుకిచ్చినాడు? ఇప్పుడు తెలిసింది గదా. లెక్క ఎంత బాగా కుదిరిందో.

నేరుగా పోయి అడిగినాను. "సూపరింటెండెంటు రూములో నీకేం పని అన్నా?"

"లీవు లెటరు."

"లీవు లెటరు ప్రిన్సిపాల్‌కు గదా ఇచ్చేది?"

ఆయన ప్రింటరు రిబ్బను మారుస్తున్నాడు. చేతులకు నల్లగా సిరా. నా వైపు ఒకసారి చూసి, "అడిగేది అయిందా? ఇంకా ఉండాదా?" అన్నాడు.

ఆ రాత్రే సంజాయిషీ రాసినాను. బంతి గురించి ఒక పేజీ. ఆ కింద, "సదరు కాగితాలు ఆపరేటరు ఆధీనంలో ఉండేవి. వాటిని నాకు ఇచ్చింది కూడా ఆయనే. అవి బయటికి ఎట్లా పోయినాయో ఆయన్నే విచారించ ప్రార్థన" అని మూడు వాక్యాలు. మంచి ఇంగ్లీషులో. నా ఇంగ్లీషు మీద నాకు గర్వం ఉండేది.

మర్నాడు ఆయనకూ మెమో పోయింది.

ఎంక్వైరీ రోజు ఏప్రిల్ ఎండ. ప్రిన్సిపాల్ గదిలో ముగ్గురు కూర్చున్నారు: ప్రిన్సిపాల్, సూపరింటెండెంటు, ఫిజిక్సు లెక్చరరు ఒకాయన. నేను ముందే ఉత్తరం రాసి చిన్నాయనను రమ్మన్నాను. గళ్ళ కాగితం, పెన్సిళ్ళు తెచ్చుకో, ఎందుకని అడగొద్దు అని రాసినాను. ఆయన ఉతికిన పంచె కట్టుకొని వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు.

ముందు ఆపరేటరన్నను పిలిచినారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"ఈ కాగితాలు ఈమెకు ఎవరిచ్చినారు?" అన్నాడు సూపరింటెండెంటు.

"నేనే ఇచ్చినా సార్."

"ఎవరి పర్మిషన్‌తో?"

"ఎవర్నీ అడగలే. పాతవి, పనికిరానివి. ఆ యమ్మ కాగితం లేక కార్డుల ఎనక రాసుకుంటాండె. ఇచ్చినా."

నా మీద ఒక్క మాట చెప్పలేదు. ఇదేదో పెద్ద ఎత్తు అనుకున్నాను.

తర్వాత నా వంతు. సూపరింటెండెంటు అంటించిన మూడు షీట్లనూ బల్ల మీద పరిచినాడు. "ఇది చూడండి సార్. తొంభై రెండు. తొంభై ఆరు. తొంభై ఎనిమిది! ఎవరి పిల్లోళ్ళు వీళ్ళు?"

"మన కాలేజీలో ఇన్ని తొంభైలు ఎప్పుడన్నా వచ్చినాయా సార్?" అన్నాను.

ప్రిన్సిపాల్ దగ్గినాడు. ఫిజిక్సాయన నవ్వు ఆపుకున్నాడు.

"అదే గదా నేననేది! రానివి ఎట్లా వచ్చినాయి అనే అడుగుతాండా!"

ఇది బొమ్మ అనీ, గళ్ళు నింపితే కనిపిస్తుందనీ చెప్పినాను. బయట మనిషిని కూర్చోబెట్టినాను, నింపి చూపిస్తాడు అన్నాను.

"ఎవరాయన?"

"మా చిన్నాయన."

"బాగుండాది! మీ చిన్నాయన చేతికి పెన్సిల్ ఇస్తే బంతేం ఖర్మ, ఏనుగునే గీస్తాడు."

చివరికి ఒప్పందం ఇది. అంకెలు సూపరింటెండెంటే పైకి చదవాలి. ఇంకెవరు చదివినా ఆయన నమ్మడు. గళ్ళు ఫిజిక్సాయన నింపాలి. చిన్నాయన మూడడుగుల దూరంలో కూర్చొని నోటితో చెప్పొచ్చు, చెయ్యి పెట్టకూడదు.

గంటన్నర పట్టింది. "సున్నా, సున్నా, సున్నా, ఇరవై ఒకటి..." సూపరింటెండెంటు గొంతు అరిగిపోయింది. మధ్యలో రెండుసార్లు మజ్జిగ తాగినాడు. ఫిజిక్సాయనకు గడి దాటి పోయే చెయ్యి. చిన్నాయన ఉండబట్టలేక, "అప్పా, గీత దాటొద్దు. ఒక పోగు దాటితే చీరంతా పోతాది" అంటూనే ఉన్నాడు. పది వరసలకు ఒక వంపు వచ్చింది. పద్దెనిమిది వరసలకు అది గుండ్రంగా తిరిగింది. ప్రిన్సిపాల్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ముప్పై వరసలకు నేల మీద నీడ సాగింది. బంతి. నిజంగా బంతి. ఎడమవైపు వెలుగు, కుడివైపు చీకటి. నేను కూడా దాన్ని చూడడం అదే మొదటిసారి. అప్పటిదాకా అది నా తలలోనే ఉండింది.

ఆ సంతోషం అర నిమిషం కూడా లేదు.

"మరి ఇవేమి?" అన్నాడు సూపరింటెండెంటు. బంతి వెలుగు పక్క, తెల్లని చోట, నల్లని చుక్కలు. ఆ ఎనిమిదులు. పన్నెండో పదమూడో ఉన్నాయి. ఎండలో అమ్మవారు పోసిన ముఖం మాదిరి ఉంది బంతి.

"చూడండి సార్. బొమ్మ అయితే ఈ చుక్కలెందుకు? బొమ్మ పైకి. అసలు సంగతి ఈ చుక్కల్లో దాచిపెట్టినారు. ఏ వరసలో చుక్క ఉంటే ఆ నంబరు పిల్లోని మార్కు మార్చమని గుర్తు."

ప్రిన్సిపాల్ నా వైపు చూసే చూపు మారింది. నిజం చెప్తున్నాను, ఆయన వాదన నా వాదనకన్నా బాగుంది.

"చెప్పమ్మా" అన్నాడు ప్రిన్సిపాల్. "ఈ చుక్కలేమిటి?"

"తెలియదు సార్."

"తెలియదా? నీ లెక్కే గదా?"

చిన్నాయన మెడ సాచి చూస్తున్నాడు. ఆయనకు ఇక్కడ ఎవరి ఉద్యోగం పోతోందో తెలియదు. డిజైన్‌లో తప్పు దొరికితే ఆయనకు ఇంకేమీ పట్టదు. "పాపా" అన్నాడు, "మచ్చలన్నీ ఎలుతురు పక్కనే ఉండాయే. చీకటి పక్క ఒక్కటీ లే. నేల మీదా లే. బంతి మీదనే, దీపం తట్టే. నేతలో ఇట్లొస్తే ఒకే పోగు చేసిన పనిది. ఊరికే రాదు."

వెలుతురు పక్కనే. బంతి మీదనే. నేను తల పట్టుకున్నాను. బంతి మీద ఒక చోటునుంచి దీపం వైపు గీత పోతుంది. దారిలో ఏదైనా అడ్డం వచ్చిందా అని అడుగుతాను. నేల నేలకు అడ్డం రాదని దాన్ని నేను మొదటే వదిలేసినాను. బంతిని వదలలేదు. యంత్రం దశాంశాలు కొన్నిటితో ఆపేస్తుంది. బంతి చర్మం మీద ఉండాల్సిన చోటు, యంత్రం లెక్కలో వెంట్రుక మందం లోపలికి పోయి ఉంటే? అక్కడినుంచి బయలుదేరిన గీత ముందు ఆ బంతి చర్మాన్నే దాటాలి. అడ్డం ఎవరు? బంతే. తన వెలుతురుకు తనే అడ్డం.

"సార్, ఒక్క కార్డు మార్చనీండి. ఒక్క కార్డే" అన్నాను.

అందరం కంప్యూటర్ గదికి పోయినాం. బయలుదేరిన చోటుకు వెంట్రుక మందం కన్నా దగ్గర్లో తగిలినదాన్ని అడ్డంగా లెక్కపెట్టొద్దు, అని ఒక కార్డు కొట్టించినాను. మచ్చ పడిన చోట్లు బంతి నడిమధ్యనుంచి ఎంత దూరమో అచ్చు వేయమని ఇంకో కార్డు కావాలన్నాడు ఫిజిక్సాయన. అదీ చేర్చినాను. ఆపరేటరన్న కార్డులు నా చేతిలోంచి తీసుకొని, సర్ది, యంత్రానికి పెట్టినాడు. నా మొహం చూడలేదు. ఇరవై నిమిషాలు అందరం నిలబడినాం. ఆ గదిలో ఎవరికీ చెమట పట్టలేదు, నాకు తప్ప.

ప్రింటరు కొట్టింది. ఎనభై ఐదు, ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది, తొంభై. ఎనిమిదులు పోయినాయి. ఫిజిక్సాయన రెండో కాగితం చూసినాడు. నా లెక్కలో బంతి వ్యాసార్ధం రెండు, కాబట్టి దూరం రెండు ఉండాలి. మచ్చ పడిన ప్రతిచోటా ఒకటి పాయింట్ తొమ్మిది తొమ్మిది తొమ్మిది తొమ్మిది. "సరిపోయింది సార్" అన్నాడు. "లెక్క తప్పే. దొంగతనం కాదు."

"అంటే సాక్ష్యం మా కళ్ళ ముందరే చెరిపేసింది" అన్నాడు సూపరింటెండెంటు.

నేను ఆయన్ను తిట్టడానికి నోరు తెరిచినాను. ప్రిన్సిపాల్ చెయ్యెత్తినాడు. "సరే, బొమ్మే అనుకుందాం. బయటికి ఎట్లా పోయింది? ఈమె రాసిన ప్రకారం ఈ ఆపరేటరు..."

"ఏది బయటికి పోయింది?" అన్నాడు చిన్నాయన. సూపరింటెండెంటు చంకలో ఉన్న షీట్లను అప్పుడు దగ్గరగా చూసినాడు. అంటించిన చోట గోటితో గీకి, వాసన చూసినాడు. "ఇది మా గంజే! మా గోడ మీదవే ఇవి. పోయిన నెల కొంగు డిజైన్ చూసుకోను ఒకాయన వచ్చె. 'ఇవి మావాని కాలేజీ మార్కులు గదా, మీ గోడకెట్లొచ్చినాయి' అనె. కాదప్పా, బంతి అంటే నవ్వె. నేను దారం తేను లోపలికి పోయి వచ్చేలోపల పీక్కొని పోయినాడు."

"నాకెందుకు చెప్పలేదు చిన్నాయనా?"

"చెప్తే నువ్వు అరుస్తావని. ఇంకో కాగితం అడిగి తెచ్చుకోవచ్చులే అనుకొంటి."

కాలేజీ పేరున్న కాగితాలను కాలేజీ గేటు దాటించి, బస్సెక్కించి, పదిమంది వచ్చిపోయే గోడకు తగిలించింది నేను. ఇంకెవరూ కాదు. ఆపరేటరన్న యంత్రం పక్కన నిలబడి ప్రింటరు మూత మీద దుమ్ము గుడ్డతో తుడుస్తున్నాడు. దుమ్మేమీ లేదు.

చివరికి తేలింది ఇది. నా మీద ఆరోపణ రుజువు కాలేదని రాసినారు. నిరపరాధి అని రాయలేదు, గమనించండి. బొమ్మతో సహా ఫైలును సీలు వేసి సూపరింటెండెంటు తన బీరువాలో పెట్టి, మూడుసార్లు గుంజి చూసుకున్నాడు. నా ప్రొబేషన్ పూర్తయింది. శిక్ష పడింది ఒక్కరికే. అనుమతి లేకుండా, రిజిస్టరులో రాయకుండా కాగితాలు ఇచ్చినందుకు ఆపరేటరుకు హెచ్చరిక. అది ఆయన సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది. అంతకు ముందు ఇరవై రెండేళ్ళలో ఆ పుస్తకంలో ఒక్క మచ్చ లేదట.

మర్నాడు పొద్దున్నే పోయి క్షమించమన్నాను. నాకు అలవాటు లేని పని, సరిగ్గా రాలేదు. వివరణలు ఎక్కువైనాయి. సూపరింటెండెంటు రూములోంచి నువ్వు రావడం చూసి అట్లా అనుకున్నాను అన్నా, అని కూడా చెప్పినాను, అదేదో నా తప్పును తగ్గిస్తుందన్నట్టు.

"ఆయప్ప ఇంటికాడ మా చెల్లెలి పెండ్లి పత్రిక ఇచ్చి రాను కుదర్లే. ఆఫీసులో ఇచ్చినా. లీవు లెటరు గూడా ఆ చేత్తోనే రాయించుకుంటి" అన్నాడు. "సరేలే తల్లీ. అయిపాయె."

అయిపోలేదు. రెండు రోజులకు నాకు కాగితాలు కావాల్సి వచ్చినాయి. ఆయన కొత్త రిజిస్టరు ఒకటి నా ముందుకు జరిపినాడు. తేదీ, ఎన్ని షీట్లు, ఎందుకు, సంతకం. గీతలు ఆయనే స్కేలు పెట్టి గీసినాడు. ఇరవై షీట్లు నా కళ్ళ ముందే లెక్కపెట్టి, ఇంకోసారి లెక్కపెట్టి, నా చేతికిచ్చినాడు. కోపం ఏమీ కనపడలేదు. మునుపటి మాదిరే యంత్రం బాగు చేసినాడు, మునుపటి మాదిరే తల్లీ అన్నాడు. స్టోరులోంచి ఇంకెప్పుడూ నా కోసం ఏదీ ఈడ్చుకొని రాలేదు, అంతే.

ఆ తర్వాత ఆ గదిలో యంత్రాలు రెండుసార్లు మారినాయి. తెరలు వచ్చినాయి. నేను రెండు బంతులు చేసినాను, అద్దం మాదిరి బంతి చేసినాను, ఒకదాంట్లో ఇంకోటి కనపడేట్టు చేసినాను. పిల్లలకు నేర్పినాను. వెంట్రుక మందం వదిలిపెట్టే ఆ ఒక్క వాక్యం ప్రతి బ్యాచికీ చెప్పినాను. అది ఎక్కడ నేర్చుకున్నానో ఎవరికీ చెప్పలేదు. బెంగళూరు నుంచి మూడో పేజీ కూడా చాలా ఏళ్ళకు దొరికింది. దాంట్లో ఆ సంగతి లేనే లేదు. ఆ అమ్మాయిని కూడా నేను ఊరికే అనుమానించినాను.

పదకొండేళ్ళు ఆ రిజిస్టరులో సంతకం పెట్టినాను. ఆపరేటరన్న రిటైరైన రోజు మధ్యాహ్నం సన్మానం. సన్మాన పత్రం నన్ను రాయమన్నారు. కాలేజీలో తెలుగు బాగా రాసేది నువ్వే అన్నారు. మంచి కాగితం ఒకటి కావాలి. ఆయన దగ్గరికే పోయినాను. మెడలో అప్పటికే ఎవరో దండ వేసినారు.

"అన్నా, ఒక షీటు ఇస్తావా?"

బీరువా తెరిచి ఒక షీటు తీసినాడు. దాని మీద రిజిస్టరు పెట్టి నా ముందుకు జరిపినాడు.

"ఈ రోజు గూడానా అన్నా?"

"ఐదింటిదాకా డ్యూటీలోనే గదా తల్లీ ఉండేది."

తేదీ వేసినాను. ఎన్ని: ఒకటి. ఎందుకు అన్న గడిలో ఏం రాయాలో తెలియక పెన్ను పట్టుకొని చాలాసేపు నిలబడినాను. ఆయన తొందర చేయలేదు. దండ సర్దుకొని, నేను రాసేదాకా పక్కన కూర్చున్నాడు.